గొట్టంలో తెల్లచీర

నిక్షేపంగా బతికి ఉన్న ఒక మనిషిని నేను చంపాను. ఆయన అప్పుడు షోలాపురంలో ఉన్నాడు, నేను మా మిద్దె మీద ఉన్నాను. నా చేతిలో ఉన్నది ఒక గొట్టం. తుపాకి గొట్టం కూడా కాదు. దాంతోనే ఆయన్ను మూడు రోజులపాటు చంపి ఉంచాను. నా మీద కేసు పెట్టడానికి ఏ చట్టంలోనూ వీలు లేదు కాబట్టి ఈ ముక్క ఇంత ధైర్యంగా రాస్తున్నాను. మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి. మధ్యలో కాసేపు మాత్రం ఆపుకోండి, అక్కడ ఒకామె నిజంగానే ఏడ్చింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాకు పంతొమ్మిదేళ్ళు. ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక చదువు మానేశాను. మాది నేతవీధి. కడపకు సైకిలు మీద రెండు గంటల దారి. మా తాతా, మా నాయనా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి బతికినవాళ్ళు. నేను మాత్రం ఆ గుంటలో దిగేది లేదని భీష్మించుకుని, కడపలో ఖాదర్ సాబ్ రేడియో అంగట్లో పనికి చేరాను. అక్కడ నా పని రేడియోలు బాగు చెయ్యడమని మా వీధి మొత్తానికి చెప్పుకున్నాను. నిజానికి వాటి మీద దుమ్ము తుడవడం.

ఖాదర్ సాబ్ యుద్ధకాలంలో మిలిటరీలో వైర్‌లెస్ పని చేసి వచ్చిన మనిషి. యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన సామాను మద్రాసులో కుప్పలుగా అమ్ముతుంటే, అప్పుడప్పుడూ పోయి రెండు మూడు పెట్టెలు తెచ్చుకునేవాడు. అందులో సగం దేనికి పనికొస్తుందో ఆయనకే తెలియదు. ఒక రోజు అలాంటి పెట్టెలో నుంచి ఒక లావుపాటి గొట్టం, నల్లటి అద్దం బిగించిన లాంతరు ఒకటి బయటపడ్డాయి. వాటిని చూడగానే సాబ్ కళ్ళు మెరిశాయి.

"ఇదేంది సాబ్, దుర్భిణీనా?" అన్నాను.

"దుర్భిణీ దీని ముందర ఏం లెక్క బేటా. ఇది చీకట్లో చూసేది."

"చీకట్లో ఏం కనపడుతుంది సాబ్?"

"అదే చెప్తాండా విను. ఈ లాంతరుకు ముందర నల్లద్దం ఉండాది గదా. బల్బులో నుంచి వచ్చే వెలుతురును అది ఆపేస్తాది. అయితే మన కంటికి కనపడని వెలుతురు ఒకటుంటాది. దాన్ని మాత్రం పోనిస్తాది. అది పోయి మనుషుల మీదా, చెట్ల మీదా పడి తిరిగొస్తాది. మన కండ్లకు దాని సంగతే తెల్దు. ఈ గొట్టానికి తెలుస్తాది."

గొట్టం లోపల గాజుబుడ్డి ఒకటి ఉందట. దాని ముందు పొర మీద ఆ కనపడని వెలుతురు పడగానే పొరలో నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి, వెనకాల ఉన్న మందు పూసిన తెరకు పోయి తగులుతాయట. తగిలిన చోటల్లా తెర ఆకుపచ్చగా వెలుగుతుందట. కంటికి కనపడేది ఆ ఆకుపచ్చ బొమ్మ.

"యుద్ధంలో ఏం చేసేటోళ్ళు దీంతో?"

"లైట్లు ఆర్పేసి లారీలు తోలేటోళ్ళు. పడవల్లో నుంచి గట్టు మీదోళ్ళకు సైగలు చేసేటోళ్ళు. తుపాకికి బిగించి చీకట్లో మనిషిని చూసి కొట్టేటోళ్ళు."

"ఎదటోని దగ్గరా ఇట్లాంటి గొట్టం ఉంటే?"

"అప్పుడు నీ లాంతరు వానికి పెట్రోమాక్స్ దీపం మాదిరి కనపడతాది. వాడే ముందు కొడతాడు."

చూశారా, ఎంత విషయం చెప్పాడో. అంతా విని నేను బుర్రలో దాచుకున్నది ఒకే ఒక్క ముక్క: ఈ యంత్రం కంటికి కనపడనిది చూపిస్తుంది.

మరునాడు ఖాదర్ సాబ్ చెల్లెలి కూతురి పెళ్ళికని రాయచోటికి బయలుదేరాడు. నాలుగు రోజులు అంగడి మూసి ఉంటుందని, తాళాలు నా చేతికిచ్చి, "జాగ్రత్త బేటా" అన్నాడు. నేను చాలా జాగ్రత్తగా గొట్టాన్ని దుప్పట్లో చుట్టి, లాంతరును సంచిలో పెట్టి, ఒక పాత లారీ బ్యాటరీని సైకిలు వెనకాల కట్టుకుని మా ఊరు చేరాను. దారిలో బ్యాటరీ రెండుసార్లు జారిపోయింది, ఒకసారి నేను జారిపోయాను.

ఆ రోజు అమావాస్య. మా వీధికి అప్పటికి కరెంటు లేదు. దీపాలు పెట్టే వేళ దాటగానే నేను సామానంతా మిద్దె మీదికి మోసుకుపోయి, తీగలు తగిలించి, గొట్టానికి కన్ను ఆనించాను. మా వీధి వీధంతా ఆకుపచ్చ రంగులో నా కళ్ళ ముందు నిలబడింది. మా వేపచెట్టు ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లగా మెరుస్తున్నాయి. బుర్ర ఉన్నవాడైతే అక్కడే ఆగి, పచ్చటి వేపాకు తెల్లగా ఎందుకుందని ఆలోచిస్తాడు. నేను మాత్రం అబ్బ, ఎంత బాగుందోననుకుని గొట్టాన్ని ఎదురింటి వైపు తిప్పాను.

ఎదురిల్లు నాగమ్మత్తది. వరసకే అత్త, చుట్టరికం లేదు. ముప్పై ఏళ్ళుంటాయి. మొగుడు చెన్నప్ప మామ నూలు దొరకని రోజుల్లో మగ్గం ఆపేసి, మిల్లుపని దొరుకుతుందేమోనని షోలాపురం పోయాడు. పోయినవాడు పోయినట్టే ఉన్నాడు, నాలుగు నెలలుగా జాబు లేదు. అత్త తనే మగ్గంలో కూర్చుని ఇల్లు ఈడ్చుకొస్తోంది. తను నేసిన చీరలే కట్టేది: ముదురు నీలం చీర, మిరపపండు రంగు అంచు. నుదుట రేగుపండంత కుంకుమబొట్టు. చేతులకు మోచేతి దాకా ఎర్రగాజులు. ఆ బొట్టూ ఆ గాజులూ మొగుడు ఎక్కడున్నా క్షేమంగా ఉన్నాడని వీధికి చెప్పడానికే పెట్టుకుంటుందని మా అమ్మ అనేది.

ఆ నాగమ్మత్త చీకట్లో అరుగు మీద కూర్చుని ఉంది. తెల్లచీరలో ఉంది. నుదుట బొట్టు లేదు. చేతులకు గాజులు లేవు. చెంపకు చెయ్యి ఆనించుకుని, తల వంచుకుని, అటూ ఇటూ ఊగుతోంది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. తెల్లచీరే. గొట్టం పక్కకు తీసి ఉత్త కళ్ళతో చూశాను. చీకటి. మళ్ళీ గొట్టం పెట్టాను. తెల్లచీర.

సరిగ్గా అప్పుడు మెట్ల మీద మా అమ్మ గొంతు వినపడింది.

"ఒరే ఓబులేసూ, మిద్ది మీద బీడీ తాగుతాండావా?"

"లేదమ్మా."

"లేదంటావేమిరా, వీధిలో నుంచి చూసినా గదా, ఎర్రగా నిప్పు కనపడుతాండాది."

అది లాంతరు. ఎదురుగా నిలబడి చూస్తే ఆ నల్లద్దంలో చిన్న ఎర్రచుక్క కనపడుతుంది. ఆ మాట వివరించే స్థితిలో నేను లేను.

"అమ్మా, చెన్నప్ప మామ పోయినట్టుండాడు."

"యాడికి పోయినాడు?"

"యాడికంటే ఏం చెప్పేది. నువ్వే చూడు."

అమ్మ గొట్టానికి కన్ను పెట్టింది. గొట్టాన్ని వదిలేసి రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను లాంతరు ఆర్పేలోగా మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తింది. నేనూ ఆమె వెనకాలే పరుగెత్తాను. మా పక్కింటి గంగవ్వ, ఎప్పుడో మొగుడు పోయిన మనిషి, మమ్మల్ని చూసి, సంగతి తెలియకుండానే ఏడుపు అందుకుని మాతో కలిసింది. మా వీధిలో చావులన్నిటికీ పెద్దదిక్కు గంగవ్వే. ఎవరి ఇంట్లో ఏం జరిపించాలో ఆమె చెప్పాల్సిందే.

మేము పోయేసరికి నాగమ్మత్త లోపలి నుంచి దీపం పట్టుకుని గడపలోకి వచ్చింది. దీపం వెలుతురులో ముదురు నీలం చీర. మిరపపండు అంచు. రేగుపండంత బొట్టు. చేతినిండా గాజులు.

మేము ముగ్గురం వాకిట్లోనే ఆగిపోయాం.

"ఏందొదినా, ఏమైంది?" అంది అత్త మా అమ్మతో, ఒక బుగ్గ పట్టుకుని. "దంతం నొప్పికి లవంగం పెట్టుకోని కూసున్నా. మాట రావడంల్యా."

"నువ్వు... ఇప్పుడు దాకా అరుగు మీద ఈ చీరలోనే ఉండావా?"

"ఇంగే చీర? పొద్దున నుంచి ఇదే గదా."

అమ్మ నా వైపు తిరిగింది. ఆ చూపులో ఉన్న భయం నాకు ఇప్పటికీ గుర్తుంది. నెమ్మదిగా అడిగింది.

"ఒరే, ఆ యంత్రం ఏం చూపిస్తాదని చెప్పినాడురా మీ సాబు?"

ఇక్కడ నాకు కాస్త తెలివి ఉంటే నాకు తెలియదని చెప్పి ఊరుకునేవాణ్ణి. ఇంటర్మీడియట్ పరీక్షలో ప్రతి ప్రశ్నకూ అదే రాసి వచ్చినవాణ్ణి, ఇక్కడా అదే చెప్పాల్సింది. అయితే ముగ్గురు ఆడవాళ్ళు నా మొహంలోకి చూస్తున్నారు. రేడియోలు బాగు చేస్తానని చెప్పుకున్నవాణ్ణి. గొంతు సవరించుకున్నాను.

"మన కంటికి కనపడనిది చూపిస్తాది" అన్నాను.

అంతే, అయిపోయింది. ఆ మాటతో చెన్నప్ప మామను పాడె ఎక్కించాను. కళ్ళకు కనపడే నీలంచీర అబద్ధమై, గొట్టంలో కనపడిన తెల్లచీర నిజమై కూర్చుంది. గంగవ్వ తను కూడా చూస్తే గాని నమ్మనంది. ఆమెను మిద్దె ఎక్కించడానికి ఇద్దరం పట్టాల్సివచ్చింది. చూసి దిగి వచ్చాక ఆమె ఇంకెవరినీ అడగలేదు, అరుగు మీద చతికిలబడి రాగం తీసింది.

మీరు అడుగుతారని తెలుసు. ఆ గొట్టంలో ఇంకొక ఆడమనిషిని చూసి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది గదా అంటారు. ఎవరు నిలబడతారు? అర్ధగంటలో ఆ సంగతి వీధంతా పాకిపోయింది. నేను మిద్దె మీద తుమ్మినా ఆడవాళ్ళు కొంగు తల మీద కప్పుకుని ఇళ్ళలోకి దూరి తలుపులు వేసుకున్నారు. ఎవరి మొగుణ్ణి నేను చంపుతానో ఎవరికి తెలుసు?

నాగమ్మత్త మాత్రం ఏడవలేదు. మా మాటలన్నీ విని, దీపం కింద పెట్టి, నన్ను దగ్గరికి పిలిచింది.

"నిజంగా కనపడిందా అప్పా?"

"కనపడింది అత్తా."

"బాగా చూసినావా?"

"రెండు తూర్లు చూసినా."

ఆమె లోపలికి పోయింది. ఎక్కడో ఏదో తప్పు జరిగిందని ఒక మనసు చెబుతోంది. నా కళ్ళతో చూశాను గదా అని ఇంకో మనసు చెబుతోంది. ఖాదర్ సాబును అడుగుదామంటే ఆయన రాయచోటిలో పెళ్ళి పందిట్లో ఉన్నాడు. చెప్పకుండా తెచ్చిన సామాను గురించి ఏ మొహంతో అడగడం అనేది వేరే సంగతి.

పొద్దున్నే పెద్దలు కూర్చుని, మామ ముందెప్పుడో రాయించిన జాబులోని షోలాపురం చిరునామాకు తంతి కొట్టి నిజం కనుక్కోవాలని తేల్చారు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనే గదా. కడప తంతి ఆఫీసుకు పోయి, కాగితం తీసుకుని, బాగా ఆలోచించి రాశాను: 'బతికి ఉంటే జవాబు ఇయ్యి. లేకపోయినా జవాబు ఇయ్యి.'

గుమస్తా అది చదివి కళ్ళద్దాల మీద నుంచి నన్ను చూశాడు.

"లేకపోతే జవాబెట్ల ఇస్తాడప్పా?"

"పక్కనుండేవోళ్ళు ఇస్తారు లెండి."

"అట్లయితే పక్కనోళ్ళకు రాయి. చచ్చినోనికి తంతి కొట్టేందుకు మా దగ్గర తీగలు లేవు."

రెండో ముక్క కొట్టేయించి మొదటి ముక్క పంపించాడు.

ఆ సాయంత్రం నేను తిరిగి వచ్చి సైకిలు గోడకు ఆనిస్తుంటే నాగమ్మత్త మా వాకిట్లోకి వచ్చింది. మా అమ్మ లేని వేళ చూసుకునే వచ్చింది. ఎర్రటి చీర కట్టుకుంది, అది ఆమె పెళ్ళికి ముందు తన చేతులతో నేసుకున్నదట. బొట్టు మామూలు కన్నా పెద్దగా పెట్టుకుంది. గాజులు ఇంకో జత ఎక్కించుకుంది.

"ఓబులేసూ, ఇంగొక్క తూరి చూడప్పా. ఏమన్నా మారిందేమో."

చీకటి పడ్డాక ఆమెను అరుగు మీద నిలబెట్టి నేను మిద్దె ఎక్కాను. తీగలు తగిలించడానికే చాలాసేపు పట్టింది. ఆమె తల ఎత్తి, నా లాంతరు ఉన్న వైపు నేరుగా చూస్తూ, రెండు చేతులూ కాస్త ముందుకు చాపి నిలబడింది, గాజులు బాగా కనపడాలని. గొట్టంలో ఆమె తెల్లచీరలో ఉంది. నుదురు బోసిగా ఉంది. చాపిన చేతులు కూడా బోసిగానే ఉన్నాయి.

దిగి వచ్చి నిజమే చెప్పాను. "మారలేదత్తా."

అప్పుడు ఏడ్చింది. శబ్దం రాకుండా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను పక్కన దిష్టిబొమ్మలా నిలబడ్డాను. ఎవరినైనా ఓదార్చడం నాకు అప్పటికి రాదు. ఇప్పుడూ అంతంత మాత్రమే. కాసేపటికి ఆమె లేచి లోపలికి పోయి మగ్గంలో కూర్చుంది. ఆ రాత్రి చాలాసేపటి దాకా మగ్గం చప్పుడు వినపడుతూనే ఉంది.

మరునాడు జవాబు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. బతికి ఉంటే జవాబు ఇమ్మని నేనే రాశాను గదా, జవాబు రాలేదంటే ఇంకేముంది అని వీధి వీధంతా తీర్మానించింది. నా ఇంగ్లీషు మీద మా వీధికి అంత నమ్మకం.

మూడో రోజు పొద్దు గూకే వేళకు గంగవ్వ పదిమంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని నాగమ్మత్త ఇంటికి వచ్చింది. గాజులు తీయించడానికి. మా అమ్మా నాయనా, నేనూ కూడా పోయాం. అత్త మగ్గంలో నుంచి లేవలేదు.

"లెయ్యి తల్లీ. ఆలస్యం చేస్తే ఆయప్పకు మంచిది కాదు" అంది గంగవ్వ.

"ఎవురు చెప్పినారు ఆయప్ప పోయినాడని?"

"యంత్రం చెప్పింది గదమ్మా."

"యంత్రం నాకు తాళి కట్టిందా? మనిషి రాలేదు, జాబు రాలేదు. నా చేతిలో గాజులు నేనే ఎట్ల పగలగొట్టుకుంటా? ఇంగ పదేండ్లయినా తియ్యను. మీరు పోండి."

"అట్ల అనగూడదు నాగమ్మా..."

సరిగ్గా అప్పుడే వీధి చివర నుంచి మగగొంతు ఏడుపు వినపడింది. గొంతు పగిలేటట్టు ఏడుస్తున్నారు ఎవరో.

"నాగమ్మా, నన్ను ఇడిసిపెట్టి యాడికి పోయినావే. నేను వచ్చిందాకా అన్నా ఉండకపోతివే."

అది చెన్నప్ప మామ గొంతు. చచ్చినవాడి గొంతు ఏడుస్తూ గడప దగ్గరికి వస్తుంటే గంగవ్వ ఎటు పోవాలో తెలియక మగ్గం గుంటలో దూకి నాగమ్మత్త కాళ్ళు పట్టుకుంది. మిగిలిన ఆడవాళ్ళు పెరటి తలుపు వైపు తోసుకున్నారు. మా నాయన చేతిలో ఉన్న ముక్కుపొడి డబ్బీ జారిపోయింది. నేను తలుపు వెనకాల ఉన్నాను. ఎప్పుడు పోయానో నాకే తెలియదు.

నాగమ్మత్త ఒక్కతే కాళ్ళు విదిలించుకుని, దీపం తీసుకుని గడపలోకి పోయింది. మామ ఆమెను చూశాడు. భుజం మీద మూట కింద పడింది. రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాగమ్మా... నువ్వు మనిషివేనా?"

"ఆ మాట నేనడగాల. నువ్వు మనిషివేనా?"

"నేను మనిషినే. నువ్వు గదా పోయింది."

"నేను యాడికి పోయినా? ఈడనే ఉండా. పోయింది నువ్వు."

"నాకు తంతి వచ్చిందే."

"తంతిలో ఏముండాది?"

"తంతిలో ఏముంటాది? తంతి వచ్చిందంటే చావే గదా. ఇంట్లో ఉండేది నువ్వొక్కదానివే. ఇంగెవురనుకోవాల?"

"చదివించలేదా?"

"చదివించేందుకు నా చెయ్యి ఆడిందా? వచ్చిన రైలెక్కి వచ్చినా. దారి పొడుగూతా ఏడుస్తానే ఉండా."

చొక్కా జేబులో నుంచి తీసి చూపించాడు. చెమటకు తడిసి ముద్దయిన ఆ కాగితం విప్పనైనా విప్పలేదు. మా ఊళ్ళో వాళ్ళు తంతి చదివేవాళ్ళు కాదు, తంతిని చూసి ఏడ్చేవాళ్ళు. నేను అంత ఆలోచించి రాసిన ఇంగ్లీషు ఎవరూ చదవకుండానే రెండు రైళ్ళు మారి ఇంటికి తిరిగి వచ్చింది.

"నాలుగు నెలలు జాబెందుకు రాయలేదు?" అంది అత్త.

మామ తల వంచుకున్నాడు. "పని సరిగ్గా దొరకలా. ఒగరి దగ్గర కూసోని, పని దొరకలేదని ఎట్ల రాయించేది? రేపు దొరుకుతాది, ఎల్లుండి దొరుకుతాది అనుకుంటా ఉండిపోయినా."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. పదిమంది ఎదుట ఆ రోజుల్లో అది చిన్న పని కాదు. మా అమ్మ మొహం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది, తుడుచుకున్న వెంటనే ఆ కళ్ళు నా కోసం వెతికాయి. తలుపు వెనకాల నుంచి నా చెవి పట్టుకుని బయటికి లాగింది.

"తీసుకరా ఆ గొట్టం."

మగ్గం గదికి కిటికీ లేదు. తలుపు మూసి, దీపం ఆర్పి, లాంతరు వెలిగించాను. అమ్మ మా నాయన చెయ్యి పట్టుకుని గది ఆ చివర నిలబడింది.

"ఇప్పుడు చూడు నన్ను."

చూశాను. మా అమ్మ కట్టుకున్న ఆకుపచ్చ చీర తెల్లచీర అయిపోయింది. నుదుట బొట్టు లేదు. చేతుల్లో గాజులు లేవు. పక్కనే మా నాయన నిక్షేపంగా నిలబడి, మిగిలిన ముక్కుపొడి పీలుస్తున్నాడు. అది అబద్ధమని తెలిసి కూడా నేను కన్ను పక్కకు తీశాను. నా తల్లిని అలా చూడాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. గొట్టం కింద పెట్టి, చీకట్లోనే పోయి మా నాయన చెయ్యి పట్టుకుని చూసుకున్నాను.

"ఏందిరా?" అన్నాడు ఆయన.

"ఏం లేదు నాయనా."

తర్వాత ఖాదర్ సాబ్ నన్ను ముందు తిట్టి, ఆ తర్వాత వివరించాడు. ఆ కనపడని వెలుతురుకు రంగులతో పని లేదట. నీలిమందు, ఎర్రరంగు, కుంకుమ, పచ్చటి ఆకులు, ఇవన్నీ దాన్ని మింగకుండా తిప్పి పంపేస్తాయి. అందువల్ల గొట్టంలో అన్నీ తెల్లగానే కనపడతాయి. ఒంటి రంగూ తెల్లబడుతుంది కాబట్టి బొట్టు అందులో కలిసిపోతుంది. ఎర్రగాజుల్లో నుంచి ఆ వెలుతురు దూరి పోతుంది కాబట్టి అవి కనపడనే కనపడవు. మొత్తం మీద ఆ గొట్టంలో చూస్తే దేశంలో ముత్తైదువ అన్నది ఉండదు. దొరల దేశంలో దాన్ని తయారు చేసినవాళ్ళకు ఇది తెలియదు. వాళ్ళ ఆడవాళ్ళకు బొట్టు లేదు, తెల్లబట్టలు వేసుకునేది పెళ్ళికి.

ఆ పొద్దు మగ్గం గదిలో మాత్రం ఎవరికీ ఈ శాస్త్రం తెలియదు. ఒకరి తర్వాత ఒకరు చూశారు. ఆడవాళ్ళందరూ వంతులవారీగా నిలబడి, విధవలై, నవ్వుకుంటూ పక్కకు తప్పుకున్నారు. గంగవ్వను కూడా చూశాం. ఆమె ఒక్కతే ఎలా ఉందో అలాగే కనపడింది.

చివరికి చెన్నప్ప మామ ముందుకు వచ్చాడు.

"నన్నూ చూడనీ. ఈ యంత్రమే గదా నన్ను సంపింది."

నాగమ్మత్త ఎదురుగా నిలబడింది. మామ గొట్టానికి కన్ను పెట్టి చాలాసేపు తీయలేదు. నవ్వుతాడనుకున్నాం. నవ్వలేదు. తెల్లచీరలో, బోసి నుదుటితో పెండ్లాన్ని చూస్తూ అలాగే ఉండిపోయాడు.

"నేను మళ్ళా షోలాపురం పోను" అన్నాడు. "ఈడనే పస్తులుండి సస్తా గానీ పోను."

"జరుగు, నన్ను చూడనీ" అంది నాగమ్మత్త.

ఆయన పోయి ఆమె నిలబడిన చోట నిలబడ్డాడు. ఆమె గొట్టం అందుకుని తలపాగా నుంచి కాళ్ళ దాకా నిదానంగా చూసింది. మామ ఉండబట్టలేక అడిగాడు.

"ఎట్లుండా?"

"ఎప్పుడు ఉండేటట్లే ఉండావు."

"అంటే?"

"నేను సచ్చినానని రైలు పొడుగూతా ఏడుస్తా వచ్చినావు గదా. పెండ్లాం పోయినోడని ఒంటి మీద ఒక గుర్తన్నా కనపడాల్నా లేదా? ఏమీ లేదు. అదే పంచ, అదే తలపాగా." గొట్టం నా చేతిలో పెట్టింది. "తీసుకపో అప్పా. దీంట్లో అబద్ధమేమీ లేదు."

మా నాయన తన పంచ వైపు చూసుకున్నాడు. ముందు నవ్వింది మా అమ్మ. ఆమె వెనకాల గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు, గంగవ్వ అయితే మగ్గం కొయ్య పట్టుకుని నవ్వింది. మగవాళ్ళం దీపం ఎక్కడుందో వెతుక్కున్నాం.

ఆ రోజే, చార్జి దిగిపోయిన బ్యాటరీ మీద చెయ్యి వేసి నేను ఒక ఒట్టు పెట్టుకున్నాను. ఏ గొట్టంలో ఏమి కనపడినా సరే, ఆడమనిషిని చూసి ఆమె మొగుడు ఉన్నాడో పోయాడో ఈ జన్మలో తేల్చను. తెలుసుకోక తప్పని పరిస్థితి వస్తే ఆ మొగుణ్ణే వెతుక్కుంటూ పోయి పేరు పెట్టి పిలుస్తాను. పలికితే ఉన్నట్టు. పలకకపోతే, ఇంకొంచెం దగ్గరికి పోయి, ఇంకొంచెం గట్టిగా పిలుస్తాను.